‘త్సుకి గా కిరెయ్’ అయిపోయాక ఏం చూడాలి?

‘త్సుకి గా కిరెయ్’ అనే జపనీస్ అనిమే (యానిమేషన్ సిరీస్) 12 ఎపిసోడ్లు అయిపోగానే అందరికీ పుట్టే ప్రశ్న ఒకటే: ఇలాంటిది ఇంకోటి ఏముంది? వెతికితే దొరికే జాబితాల్లో సగం కన్నీళ్ల సినిమాలే ఉంటాయి. అమ్మాయికి జబ్బు, చివర్లో ఆసుపత్రి, ఆపైన ఒక ఉత్తరం. వాటిలో మంచివి కూడా ఉన్నాయి గానీ, ఈ సిరీస్ మనసు పట్టుకున్న చోటు వేరు. ఇందులో ఎవరూ చనిపోరు. నొప్పంతా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటలోంచి పుడుతుంది. ఆ మాట స్థానంలో ఒక నవలలోని వాక్యమో, పద్యమో, ఫోన్‌లో ఒక మెసేజో వచ్చి నిలబడుతుంది. కాబట్టి తర్వాతి అనిమే ఎంచుకునేటప్పుడు ఎంత ఏడిపిస్తుందని చూడకండి, రాసిన మాటకి ఆ కథలో ఏం పని ఉందో చూడండి. కింద చెప్పినవన్నీ ఆ లెక్కన ఏరినవే. ఒక్క ‘హ్యోకా’ దగ్గర తప్ప ముగింపులు ఎక్కడా బయటపెట్టలేదు.

ముందు అసలు సిరీస్ సంగతి. చూసేసినవాళ్లలో కూడా చాలామందికి ఇందులో సగం అందకుండా పోయి ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చింది. స్టూడియో పేరు ఫీల్, దర్శకుడు సెయ్‌జి కిషి. దీనికి మాంగా (జపనీస్ బొమ్మల కథ), నవల ఏదీ ఆధారం కాదు. నేరుగా అనిమే కోసమే రాసిన కథ కాబట్టి 12వ ఎపిసోడ్‌తో నిజంగానే ముగుస్తుంది. సయితామాలోని కవగోయె ఊళ్లో మిడిల్ స్కూల్ ఆఖరి ఏడు చదివే ఇద్దరి కథ. కొతారో అజుమికి రచయిత కావాలని కోరిక. ఏం జరిగినా మనసులో దజాయ్ ఒసాము అనే రచయిత వాక్యం ఒకటి తలుచుకుంటాడు. అకానె మిజునో 100 మీటర్ల పరుగు పందేల్లో ఉంటుంది. కంగారు పుడితే చేతిలోని చిన్న బొమ్మని పిసుకుతూ కూర్చుంటుంది.

ప్రతి ఎపిసోడ్ పేరూ ఒక జపనీస్ సాహిత్య రచన పేరే. మొదటిది మియజావా కెంజి కవితా సంపుటి ‘హారు తొ షురా’, రెండోది ఇషికవా తకుబొకు ‘ఇచిఅకు నొ సునా’, మూడోది హగివారా సకుతారో ‘త్సుకి ని హొయెరు’. ఈ మూడో పేరుకి అర్థం చంద్రుణ్ని చూసి మొరగడం. కొతారో చందమామ కింద నిలబడి మొదటిసారి నోరు విప్పేది సరిగ్గా ఆ ఎపిసోడ్‌లోనే. ఐదో దాని పేరు నత్సుమె సొసెకి నవల ‘కొకొరొ’. ఒకే అమ్మాయిని ప్రేమించిన ఇద్దరు స్నేహితుల మధ్య జరిగే ద్రోహం ఆ నవల. అకానె స్నేహితురాలు చినత్సుకి కూడా కొతారో మీదే మనసుందన్న చిక్కు మధ్య ఎపిసోడ్లలో బిగుసుకుంటుంది. ఆరోది దజాయ్ ‘హషిరె మెలోస్’, అంటే పరుగెత్తు మెలోస్. పరుగు అమ్మాయి ఉన్న కథలో ఆ పేరు ఊరికే పెట్టలేదు. 11వ ఎపిసోడ్ ప్రవేశపరీక్షల చదువు గురించి, దాని పేరు ఫుకుజావా యుకిచి ‘గకుమొన్ నొ సుసుమె’, చదువుకొమ్మని చెప్పే పుస్తకం. 12వది మళ్లీ సొసెకి: ‘సొరె కారా’, అంటే ‘ఆ తర్వాత’. ఈ పేర్లు పక్కన రాసుకుని రెండోసారి చూస్తే సిరీస్ కొత్తగా కనిపిస్తుంది.

‘చందమామ బాగుంది’ అని అర్థమొచ్చే సిరీస్ పేరుకీ సొసెకితోనే సంబంధం. ఇంగ్లీషు పాఠం చెబుతూ ఆయన ‘ఐ లవ్ యూ’ని ‘చందమామ బాగుంది కదా’ అని అనువదిస్తే చాలన్నాడని జపాన్‌లో చెప్పుకుంటారు. ఆయన రాతల్లో ఎక్కడా దీనికి ఆధారం లేదు, అయినా అక్కడ అందరికీ తెలిసిన మాట. మూడో ఎపిసోడ్ చివర ఇంకో మెలిక ఉంది, సబ్‌టైటిల్స్‌లో అది రాదు. జపనీస్‌లో చందమామ ‘త్సుకి’. నాతో కలిసి ఉంటావా అని అడిగే మాట ‘త్సుకియత్తె’. రెండూ ఒకే శబ్దంతో మొదలవుతాయి. మనసులో ఉన్న పెద్ద రచయిత వాక్యం ఒకటి, నోట్లోంచి జారిపడిన మాట ఇంకొకటి. ఆ ఒక్క శబ్దం దగ్గర రెండూ కలుస్తాయి.

ఇందుకే వీటన్నిటినీ డబ్బింగ్‌లో కాకుండా జపనీస్ ఆడియోతో చూడమని చెప్పేది. పిలుపులు వినండి. మొదట్లో ఇంటిపేరు పెట్టి ‘మిజునో-సాన్’ అని పిలిచినవాడు అకానె అన్న సొంత పేరుతో పిలవడానికి ఎన్ని ఎపిసోడ్లు పడుతుందో గమనించండి. చాలా సబ్‌టైటిల్స్‌లో ఈ తేడా కొట్టుకుపోతుంది, చెవికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. లైన్ అనే మెసేజ్‌ల యాప్‌లో మెసేజ్ పక్కన పడే ‘కిదొకు’ గుర్తు కూడా అంతే. అవతలివాళ్లు చదివేశారని అర్థం. చదివేసి జవాబివ్వని ఆ కొన్ని క్షణాలే ఈ కథలో పెద్ద సంఘటనలు.

లోపాలూ ఉన్నాయి. వెనక నడిచే జనాన్ని కంప్యూటర్ బొమ్మలతో చేశారు. వాళ్లు కర్రల్లా బిగుసుకుని నడుస్తారు, మొదటి ఎపిసోడ్‌లోనే కళ్లకి గుచ్చుకుంటుంది. ఎండింగ్ పాట తర్వాత వచ్చే చిన్న చిన్న తోటి విద్యార్థుల సరదా ముక్కలు కొన్నిసార్లు అప్పుడే కుదిరిన మూడ్‌ని చెడగొడతాయి, వాటిని దాటేసినా నష్టం లేదు. కానీ ఆఖరి ఎపిసోడ్ క్రెడిట్స్‌ని మాత్రం ఒక్క క్షణం కూడా దాటొద్దు. యాప్ దానంతటదే తర్వాతి షోకి దూకే ఏర్పాటుంటే ముందే ఆపేయండి. కథలో ఆఖరి పేజీ ఆ క్రెడిట్స్‌లోనే ఉంది.

అన్నిటికంటే దగ్గరి బంధువులు

మొదట చూడాల్సింది ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’. గిబ్లీ స్టూడియో సినిమా, 1995, 111 నిమిషాలు. దర్శకుడు యోషిఫుమి కొందో. ఆయన దర్శకత్వం వహించిన పూర్తి నిడివి సినిమా ఇదొక్కటే, 1998లో చనిపోయారు. ఇందులోనూ మిడిల్ స్కూల్ ఆఖరి ఏడే, ఇందులోనూ రాయాలన్న తపనే, కాకపోతే ఇక్కడ రాసేది అమ్మాయి. లైబ్రరీ పుస్తకాల వెనక జేబులో ఒక కార్డు ఉంటుంది. తీసుకెళ్లిన ప్రతివాళ్లూ అందులో తమ పేరు రాయాలి. షిజుకు ఏ పుస్తకం తీసినా తనకంటే ముందు ఒకే పేరు ఉంటుంది: అమసావా సెయ్‌జి. మనిషిని చూడకముందే అతని చదువుని చూసి మనసు పారేసుకోవడం ఈ కథకి పునాది. సినిమా మొదట్లోనే వాళ్ల నాన్న, లైబ్రరీ కార్డులు పోయి బార్‌కోడ్లు వస్తున్నాయని ఒక మాట అంటాడు. చటుక్కున దాటిపోతుంది ఆ మాట. ఆ కార్డులే లేకపోతే ఈ ప్రేమే లేదన్న సంగతి తర్వాత తడుతుంది.

పాట దగ్గర కూడా ఆగాలి. షిజుకు ‘కంట్రీ రోడ్స్’ పాటకి జపనీస్‌లో మాటలు రాస్తుంది. ఊరికి తిరిగి వెళ్లాలన్న పాట ఆమె చేతిలో, వెళ్లాలనుంది గానీ వెళ్లలేనన్న పాట అవుతుంది. పాటలకి సబ్‌టైటిల్స్ లేని కాపీ అయితే ఈ మార్పు మీకు అందదు, ముందే సరిచూసుకోండి. సినిమా రెండో సగంలో ప్రేమ కాస్త వెనక్కి జరిగి, ఆమె మొదటి కథ రాసే వారాలు ముందుకొస్తాయి. చదువు అటకెక్కుతుంది, తిండి నిద్ర తప్పుతాయి, రాసింది పచ్చిగా ఉందని తనకే తెలుసు. రచన గురించి అనిమేలో ఇంత నిజాయితీగా చెప్పినవి అరుదు. చివరి నిమిషం తొందరపడి ముగించినట్టుంటుందన్న మాట చాలామంది అంటారు, అందులో న్యాయముంది. 2002లో వచ్చిన ‘ది క్యాట్ రిటర్న్స్’ ఇదే ప్రపంచం నుంచి పుట్టింది కదా అని వెంటనే పెట్టుకోకండి. అది పిల్లుల రాజ్యంలో సాగే సరదా కథ, ఈ రుచి అందులో దొరకదు.

రెండోది ‘వర్డ్స్ బబుల్ అప్ లైక్ సోడా పాప్’, 2021, 87 నిమిషాలు, దర్శకుడు క్యోహెయ్ ఇషిగురో. నోటితో మాట్లాడటానికి జంకే చెర్రీ అనే కుర్రాడు 5-7-5 అక్షరాల హైకూలు రాసి నెట్‌లో పెడుతుంటాడు. పళ్లకి క్లిప్పులు వేసుకున్న స్మైల్ అనే అమ్మాయి మాస్కు తీయదు. షాపింగ్ మాల్‌లో ఇద్దరి ఫోన్లూ తారుమారవుతాయి. రంగులు మెరిసిపోతూ పోస్టరు బొమ్మల్లా ఉంటాయి. ‘త్సుకి గా కిరెయ్’ నీటిరంగుల మెత్తదనం తర్వాత మొదటి పది నిమిషాలు కళ్లు అలవాటు పడాలి.

దీన్ని చూసేముందు ఒక్క సంగతి తెలుసుకుంటే సినిమా విలువ రెట్టింపవుతుంది. జపనీస్‌లో ‘హా’ అంటే ఆకు, ‘హా’ అంటే పన్ను కూడా. ‘హానా’ అంటే పువ్వు, ముక్కు కూడా. ‘యమజకురా’ అనే కొండ చెర్రీ చెట్టుకి పువ్వుతో పాటే ఆకు కూడా వచ్చేస్తుంది. అందుకని ముక్కు కంటే ముందుకొచ్చిన పళ్లున్నవాళ్లని జపాన్‌లో యమజకురా అని ఆటపట్టించడం పాత అలవాటు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. చెర్రీ రాసే ఒక హైకూలో ఇవి కలిసినప్పుడు, పక్కవాళ్లకి చెట్టు గురించిన కవితలా వినిపించేది ఒకే ఒక్కరికి మరోలా వినిపిస్తుంది. సబ్‌టైటిల్ ఒక అర్థమే ఇవ్వగలదు, రెండోది మీరే పట్టుకోవాలి. చేదు దీంట్లో తక్కువ. వరసగా బరువైనవి చూసి అలిసిపోయినప్పుడు మధ్యలో పెట్టుకోదగ్గది.

‘ది గార్డెన్ ఆఫ్ వర్డ్స్’ మకొతొ షింకాయ్ సినిమా, 2013, 46 నిమిషాలే. వాన పడ్డ పొద్దుల్లో బడి ఎగ్గొట్టి షింజుకు గ్యోయెన్ తోటలో చెప్పుల డిజైన్లు గీసుకునే 15 ఏళ్ల తకావో, అక్కడే బీరు తాగుతూ కూర్చునే 27 ఏళ్ల యుకినో. మొదటి రోజు ఆమె ఒక పద్యం చెప్పి వెళ్లిపోతుంది. అది 8వ శతాబ్దపు సంకలనం ‘మన్యోషూ’ 11వ భాగంలో 2513వ పద్యం. సారాంశం: ఉరుము సన్నగా మోగి, మబ్బు కమ్మి, వాన పడితే ఎంత బాగుండు, నిన్ను ఆపుకుందును. ఆ పద్యానికి జవాబు పద్యం 2514: ఉరమకపోయినా, వాన రాకపోయినా, నువ్వు ఆపితే ఆగిపోతాను. సినిమా అంతా మొదటి పద్యానికీ రెండో పద్యానికీ మధ్య దూరమే. వయసు తేడా ఇబ్బందిగా అనిపించేవాళ్లు ఉంటారు, అది సహజం. కథ ఆ గీత దాటదు, ఒకరికొకరు నిలబడటం నేర్పడం దగ్గరే ఉంటుంది. చివర్లో ఇద్దరూ గొంతు పెంచే సన్నివేశం అంతవరకూ ఉన్న నిదానానికి అతకలేదనిపిస్తుంది. దీనికీ క్రెడిట్స్ తర్వాత చిన్న సన్నివేశం ఉంది. చూసేటప్పుడు చప్పుడు లేని గది, మంచి హెడ్‌ఫోన్స్ ఉండాలి. వాన శబ్దం ప్రతిసారీ ఒకేలా ఉండదు.

ఓపిక ఉన్నవాళ్లకి ‘హ్యోకా’

2012, క్యోటో యానిమేషన్, 22 ఎపిసోడ్లు, దర్శకుడు యసుహిరో తకెమొతొ. హొనొబు యొనెజావా నవలల నుంచి తీశారు. మొదటి నవల 2001లో వచ్చింది. కథ జరిగే కామియామా ఊరికి గిఫులోని తకయామా నమూనా. శక్తి దండగ చేయకూడదన్న సూత్రంతో బతికే ఓరెకి, ఏది చూసినా ‘ఎందుకు’ అని అడిగే చితాందా, ఇద్దరూ ప్రాచీన సాహిత్య క్లబ్బులో చేరతారు. పేరుకే సాహిత్య క్లబ్బు, అక్కడ జరిగేదంతా చిన్న చిన్న రహస్యాలు విప్పడం. లైబ్రరీలో ఒకే పుస్తకం ప్రతి శుక్రవారం ఎందుకు అరువుపోతోంది, పాత క్లబ్బు పత్రికకి ఆ పేరు ఎందుకు పెట్టారు, అలాంటివి.

ఇది మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లకే ఆపేసేవాళ్లు ఎక్కువ, కారణం ఏమిటంటే ప్రేమకథ అని చెప్పి చూపిస్తారు. మొదటి 5 ఎపిసోడ్లూ ఒక పెద్ద రహస్యం, వాటిని విడివిడిగా కాకుండా రెండు రోజుల్లో పూర్తి చేయాలి. ఐదో ఎపిసోడ్‌లో పత్రిక పేరు వెనక ఉన్న సంగతి తేలేదాకా ఆ పేరుకి అర్థం నెట్‌లో వెతకొద్దు. ఆ దెబ్బ చెవిన పడాలి, కంట పడితే చప్పబడుతుంది. 8 నుంచి 11 దాకా అసంపూర్తి సినిమా కథ, 12 నుంచి 17 దాకా బడి ఉత్సవం. ఉత్సవం భాగంలో ప్రతిభ లేనివాడు ప్రతిభ ఉన్నవాణ్ని చూసి పడే బాధ ఉంది. ఏ ప్రేమ సన్నివేశం కన్నా అదే ఎక్కువ చేదు. 18 నుంచి విడి కథలు. 21వది వాలెంటైన్స్ డే చాక్లెట్ గురించి, అక్కడ ఓరెకి స్నేహితుడు సతొషి మీద కోపం రావచ్చు, రావాలి కూడా.

ఆఖరి ఎపిసోడ్ కోసమైనా ఓపిక పట్టాలి. చెర్రీ పూలు, ఊరి బొమ్మల పండుగ ఊరేగింపు, తిరుగు దారిలో ఇద్దరూ. ఓరెకి చెప్పాలనుకున్న వాక్యం పూర్తిగా మనకి వినిపిస్తుంది. ఆ తర్వాత అతని నోట వచ్చేది వాతావరణం గురించిన మాట. దానికి ఆమె ఇచ్చే జవాబు కూడా రుతువు గురించే. కొతారో చందమామకి ఇంతకంటే దగ్గరి చుట్టం అనిమేలో లేదు. రెండో సీజన్ రాలేదు, నవలలు మాత్రం ఆ తర్వాత కూడా సాగాయి.

పేరు చూసి తీసుకుంటే ఎదురుదెబ్బ తగిలేవి

సాహిత్యం అనగానే అందరూ చెప్పే పేరు ‘బుంగకు షోజొ’, సాహిత్య కన్య. 2010 సినిమా, ప్రొడక్షన్ ఐ.జి. మిజుకి నొమురా లైట్ నవలలు (కుర్రకారు కోసం రాసే తేలికపాటి నవలలు) దీనికి మూలం. తోకో అమానో అనే అమ్మాయి పుస్తకాల పేజీలు చింపుకుని తింటుంది, ఏ రచన ఏ రుచో చెబుతుంది. 14 ఏళ్లకే ఆడపేరుతో నవల రాసి పేరు తెచ్చుకుని, ఆ తర్వాత కలం వదిలేసిన కొనోహా, మూడు మాటలిస్తే కథ అల్లి ఆమెకి తినిపిస్తాడు. ఊహ అద్భుతం. సినిమాతో చిక్కేమిటంటే అది మొదలయ్యేదే ఐదో నవల దగ్గర. మనుషులు పరిచయం కాకముందే గాయాలు విప్పడం మొదలవుతుంది. నేరుగా చూసినవాళ్లు ‘వీళ్లంతా ఎందుకు ఏడుస్తున్నారు’ అనుకుని లేచిపోతారు.

దీనికి మందు ఉంది. సినిమాకి ముందు మియజావా కెంజి ‘పాలపుంత రైలు’ కథ చదవండి, ఒక సాయంత్రానికి సరిపోతుంది. లేదంటే గిసబురో సుగియి 1985లో పిల్లుల పాత్రలతో తీసిన దాని యానిమేషన్ సినిమా చూడండి. జొవన్ని, కంపనెల్లా అనే ఇద్దరు పిల్లలు, వాళ్లలో ఎవరు ఎవరిని వదిలి వెళ్తారు అన్నది తెలిస్తే సినిమాలో కొనోహాకీ, అతని చిన్ననాటి స్నేహితురాలు మియుకీ మధ్య గొడవ తాళం విప్పినట్టు అర్థమవుతుంది. తోకో, మియు, నానసె, ఒక్కొక్కరి మీదా ఒక్కోటి చొప్పున ‘మెమ్‌వార్’ అని 3 ఓవీఏలు (నేరుగా వీడియోగా విడుదల చేసిన ఎపిసోడ్లు) ఉన్నాయి, అవీ కలుపుకోండి. పాత్రల మీద ప్రేమ పుడితే నవలలే శరణ్యం.

‘అకు నొ హానా’ గురించి జాగ్రత్తగా చెప్పాలి. 2013, 13 ఎపిసోడ్లు, దర్శకుడు హిరోషి నగహామా. ఫ్రెంచ్ కవి బొదలేర్ కవిత్వం చదివి తను అందరిలాంటివాణ్ని కాదనుకునే కసుగా, తరగతిలో ఇష్టపడే అమ్మాయి ఆటబట్టలు దొంగిలిస్తాడు, అది ఇంకో అమ్మాయి కంట పడుతుంది. తీపి కోసం వస్తే ఒక్క చుక్క దొరకదు. నిజం మనుషుల్ని చిత్రీకరించి వాళ్ల మీద బొమ్మలు గీసిన రోటోస్కోప్ పద్ధతి కావడంతో ముఖాలు మాంగాలోలా ఉండవు, దూరం నుంచి కళ్లూ ముక్కూ చెరిగిపోతాయి. ఇది తప్పు కాదు, కావాలని చేసిందే, కానీ చాలామంది మొదటి ఎపిసోడ్‌తోనే మానేశారు. అసలు బాధ ఏమిటంటే కథ మధ్యలో ఆగిపోతుంది. 11 సంపుటాల మాంగాలో రెండో సగంలో తొకివా అనే అమ్మాయి వస్తుంది. పుస్తకాలు చదువుతూ రహస్యంగా నవల రాసుకునే ఆ అమ్మాయే ఈ కథలో మీరు వెతికే మనిషి, అనిమేలో ఆమె భాగమే లేదు. కాబట్టి ఇది మాంగాగా చదవాల్సిందే.

‘ఓ మెయిడెన్స్ ఇన్ యువర్ సావేజ్ సీజన్’ 2019లో వచ్చింది, 12 ఎపిసోడ్లు, రచన మారి ఒకాదా. సాహిత్య క్లబ్బులో ఐదుగురు అమ్మాయిలు పుస్తకాల్లోని శృంగార ఘట్టాలు పైకి చదువుతుంటారు, ఆ మాటలు బుర్రలో చేరి ఒక్కొక్కరినీ ఒక్కో రకంగా తికమక పెడతాయి. చిన్న పిల్లలతో కలిసి చూసేది కాదు. పెద్దవాళ్లు పిల్లల్ని వాడుకునే ఒక ఉపకథ ఇబ్బంది పెడుతుంది, ఆ ఇబ్బందిని కథ దాచిపెట్టదు. మొదటి సగం నవ్వు, రెండో సగం గొంతులో ముద్ద. కథ పూర్తవుతుంది.

‘అవోయి బుంగకు’ జపనీస్ సాహిత్య రచనల మీద తీసిన 2009 మ్యాడ్‌హౌస్ సిరీస్, ప్రేమకథ కోసం కాదు. కానీ కొతారో తలుచుకునే దజాయ్ ఎవరో తెలుసుకోవాలంటే 1 నుంచి 4 ఎపిసోడ్లు, 9, 10 చాలు. మొదటి నాలుగూ చీకటి, ఆత్మహత్య ప్రస్తావన ఉంది, మనసు బాగాలేనప్పుడు వద్దు. 7, 8లో ‘కొకొరొ’ ఉంది.

మాట తక్కువ, బరువు ఎక్కువ

‘లిజ్ అండ్ ది బ్లూ బర్డ్’, 2018, 90 నిమిషాలు, దర్శకురాలు నవొకొ యమాదా. ‘హిబికె యుఫోనియం’ సిరీస్ నుంచి పుట్టినా విడిగా చూడొచ్చు. ఓబో అనే ఊదే వాద్యం వాయించే మిజొరె, ఫ్లూట్ వాయించే నొజొమి, బ్యాండ్ వాయించాల్సిన సంగీతానికి ఆధారమైన ఒక పిల్లల కథ. పక్షిని పెంచుకున్న అమ్మాయి ఎవరు, వదలాల్సిన పక్షి ఎవరు అన్న ప్రశ్న ఆ కథలోంచి వీళ్ల మధ్యకి వస్తుంది. మొదటి నిమిషాల్లో ఇద్దరూ బడి గేటు నుంచి సంగీతం గదిదాకా నడుస్తారు, అంతే. నొజొమి అడుగులు చురుగ్గా, మిజొరె అడుగులు వెనక నెమ్మదిగా. రెండు జతల బూట్ల చప్పుడు ఎక్కడా కలవదు. ఆ నడక అయ్యాక తెర మీద ‘డిస్‌జాయింట్’ అని ఒక్క మాట పడుతుంది. చివర్లో ఆ మాట ఏమవుతుందో చూడండి, అడుగుల చప్పుడు కూడా వినండి. ఫోన్ స్పీకర్ మీద చూస్తే ఈ సినిమాలో సగం పోయినట్టే.

‘బ్లూమ్ ఇంటు యు’ కూడా ఇద్దరమ్మాయిల కథే. 2018, 13 ఎపిసోడ్లు, స్టూడియో ట్రోయ్‌కా. నన్ను ప్రేమించకు, నేను నిన్ను ప్రేమిస్తానంతే అని తోకో పెట్టే షరతు, దాన్ని ఒప్పుకుని మాటని మింగే యూ. ఆరో ఎపిసోడ్‌లో ఏటి మధ్య రాళ్ల మీద ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటారు. యూ ఒక్కో వాక్యం నోటిదాకా తెచ్చుకుని దాన్ని వేరే వాక్యంగా మార్చడం గమనించండి. నవలా రచయిత్రి కావాలనుకునే తోటి విద్యార్థిని కొయొమి వీళ్ల కోసం నాటకం రాస్తుంది, ఆ నాటకం తోకో దాచుకున్నదాన్ని బయటికి లాగుతుంది. అనిమే నాటకం ప్రదర్శన కాకముందే ఆగిపోతుంది. ఖాళీ కడుపుతో లేచినట్టుంటుంది. మాంగా 8 సంపుటాలు, 5వ దాని నుంచి అందుకుంటే తెగిన దారం దొరుకుతుంది.

‘చిహయఫురు’ పూర్తిగా పద్యాల మీద నడుస్తుంది. ‘హ్యకునిన్ ఇష్షు’ అనే 100 పద్యాల కార్డులతో ఆడే పోటీ. సీజన్లు 3: 2011, 2013, 2019. కానాచాన్ అనే అమ్మాయి పద్యాల అర్థం విప్పే చోట్లు బంగారం, ఆట గణాంకాల చోట్లు ఓపిక పరీక్షిస్తాయి. అనిమే కథ ముగించదు, 50 సంపుటాల మాంగా 2022లో ముగిసింది.

‘జస్ట్ బికాజ్!’ 2017 చివర్లో వచ్చింది, 12 ఎపిసోడ్లు, హైస్కూల్ ఆఖరి నెలలు, మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. వాతావరణం ‘త్సుకి గా కిరెయ్’కి చాలా దగ్గర. రెండో సగంలో బొమ్మల నాణ్యత జారుతుంది, కథ జారదు. ‘ఒరెగైరు’ మూడు సీజన్లు, 2013, 2015, 2020. రెండో సీజన్ నుంచి స్టూడియో ఫీల్ చేసింది. మొదటి సీజన్ నవ్వులు చూసి ఇది వేరే రకం అనుకోవద్దు, రెండో సీజన్ 8వ ఎపిసోడ్‌లో గొంతు పూడుకుపోయి బయటికొచ్చే ఒక్క కోరిక కోసం అంతా ఎదురుచూడొచ్చు. 2018 ‘ఐ వాంట్ టు ఈట్ యువర్ ప్యాంక్రియాస్’ జబ్బు కథే, అయినా పుస్తకాల పురుగు కుర్రాడు, ఆమె రాసుకునే డైరీ ఉండటం వల్ల మిగతా కన్నీళ్ల సినిమాల నుంచి దాన్ని విడిగా తీసి పెట్టాలి. 108 నిమిషాలు, ఆ రాత్రికి ఇంకేం పెట్టుకోకండి.

షింకాయ్ 2007 సినిమా ‘5 సెంటీమీటర్స్ పర్ సెకండ్’ని అన్నిటికంటే ఆఖర్న ఉంచండి. 63 నిమిషాలు, 3 భాగాలు. మొదటి భాగంలో మంచు వల్ల రైలు ఆగి ఆగి పోతుంటే తకాకి అనే కుర్రాడి జేబులో, తను కలవబోతున్న అకారి అనే అమ్మాయి కోసం రాసిన ఉత్తరం ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద గాలికి అది ఎగిరిపోతుంది. ఆ ఉత్తరంలో ఏముందో సినిమా మనకి చెప్పదు. మూడో భాగంలో మాటలు అయిపోయి పాట మొదలవుతుంది, సన్నివేశాలు వేగంగా పరుగెత్తుతాయి. ఆ పాట మధ్యలో ఆపి వెనక్కి తిప్పకుండా ఒక్కసారిగా చూసి, ఆ తర్వాత మొదటి భాగం మాత్రం మళ్లీ పెట్టుకోండి. ఈసారి రైల్వే స్టేషన్లో ఆమె చేతిని కూడా చూడండి.